మహమ్మారి కాలంలో మైదానం: పోయిన ఏడాదికి లెక్క

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. కాలేజీ పిల్లల ఆటల గురించి రాస్తానంటే ఆయన కాస్త ఆశ్చర్యపోయారు. మోకాళ్ల నొప్పులతో ట్రెజరీ మెట్లెక్కే మనకూ, మైదానంలో పరుగెత్తే పిల్లలకూ ఏమిటి సంబంధం అని పాఠక మిత్రులకూ అనిపించవచ్చు. సంబంధం ఉన్నది. కరోనా రోజుల్లో ఆ పిల్లలు ఆడి ఇంటికి తిరిగి వచ్చింది మన దగ్గరికే. వాళ్లు ఆడకుండా ఆగిపోయినదీ చాలావరకు మన కోసమే.

మహమ్మారి వ్యాపించినప్పుడు కాలేజీ ఆటలు, యువజన క్రీడలు కొనసాగించాలా, ఆపాలా? 2020లో ప్రపంచమంతా ఈ ప్రశ్న అడిగింది. కాని ఇది కొత్త ప్రశ్న కాదు. నూరేళ్ల క్రితమే వచ్చింది. అప్పటి జవాబులు, ఇప్పటి జవాబులు పక్కపక్కన పెట్టి చూస్తే మనకు పనికివచ్చే పాఠం ఒకటి దొరుకుతుంది.

1918 నాటి సంగతి

1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రపంచాన్ని చుట్టుముట్టింది. మన దేశానికి అది జూన్ నెలలో బొంబాయి రేవు ద్వారా వచ్చింది. సెప్టెంబరు నుంచి రెండవ ఉధృతి మొదలై ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసింది. భారతదేశంలో కోటికి పైగా జనం మరణించారని చరిత్రకారుల అంచనా. జనాభా లెక్కలు చూసే అలవాటున్న మనవంటి వాళ్లకు ఒక్క అంకె చాలు. 1911లో 25.2 కోట్లున్న దేశ జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు దిగింది. మన జనాభా లెక్కల చరిత్రలో జనసంఖ్య తగ్గిన దశాబ్దం అదొక్కటే. హైదరాబాదులో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాతకాలం వాళ్లు ‘కోరంటి దవాఖానా’ అనేవారు. క్వారంటైన్ అన్న మాటే జనం నోట్లో నలిగి కోరంటి అయింది. అంటే ఏకాంతవాసం, దూరం పాటించడం అనేవి మన తాతలకూ తెలిసిన సంగతులే.

ఆ జబ్బుకు ఒక విచిత్ర లక్షణం ఉన్నది. మామూలుగా జ్వరాలు పసిపిల్లలనూ ముసలివాళ్లనూ కబళిస్తాయి. 1918 జ్వరం మాత్రం ఇరవై నుంచి నలభై ఏళ్ల లోపు దృఢకాయులను ఎక్కువగా పొట్టన పెట్టుకుంది. అంటే కాలేజీ విద్యార్థులు, సైనికులు, ఆటగాళ్లు. కాబట్టి ఆనాడు ఆట కొనసాగించడమంటే ఆడేవాడి ప్రాణాన్నే పణంగా పెట్టడం.

మరి అమెరికాలో ఏం చేశారు? అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ అంటే పెద్ద జాతర. అది మనం కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకొని, ఒకరినొకరు గుద్దుకుంటూ పరుగెత్తే ఆట. 1918 శరదృతువులో ఆ ఆటల కాలమూ, జబ్బు రెండవ ఉధృతీ ఒకేసారి వచ్చాయి. అప్పటికి మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. అక్టోబరు 1 నుంచి కాలేజీలలో విద్యార్థులకు సైనిక శిక్షణ దళాలు ఏర్పాటయ్యాయి. సైన్యాధికారుల దృష్టిలో ఫుట్‌బాల్ వినోదం కాదు, సైనికుణ్ణి తయారుచేసే కసరత్తు. అందుకని ఆటను నిషేధించలేదు. పొరుగూళ్లకు ప్రయాణాలను మాత్రం కట్టడి చేశారు. జనం గుమిగూడరాదని ఊరూరా ఆరోగ్యాధికారులు ఆజ్ఞలు జారీ చేయడంతో అక్టోబరు మ్యాచ్‌లు చాలావరకు రద్దయ్యాయి. మిస్సోరి విశ్వవిద్యాలయం ఆ సంవత్సరం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆ ఏటి విజేతలుగా మిషిగన్, పిట్స్‌బర్గ్ జట్లు రెండింటినీ చెబుతారు. ఆ రెండూ ఆడినవి తలా ఐదేసి మ్యాచ్‌లు మాత్రమే.

ఆ కాలపు ఫొటో ఒకటి 2020లో పత్రికలన్నిటిలోనూ వచ్చింది. అట్లాంటా నగరంలో జార్జియా టెక్ కాలేజీ మైదానం. గ్యాలరీ నిండా జనం. చాలామంది ముఖాలకు మాస్కులు. అక్కడి విద్యార్థి ఒకరు తీసిన ఫొటో అది. మాస్కు పెట్టుకోవాలన్న జాగ్రత్త ఉన్నది, ఆట చూడకుండా ఉండలేని ఆత్రమూ ఉన్నది. రెండూ పక్కపక్కనే కూర్చున్నాయి.

జనం గుమిగూడితే ఏమవుతుందో ఆ ఏడాదే రుజువయింది. సెప్టెంబరు 28న ఫిలడెల్ఫియా నగరంలో యుద్ధ రుణాల ప్రచారం కోసం ఊరేగింపు చేశారు. సుమారు రెండు లక్షల మంది వచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆ నగరంలో ఆస్పత్రులు చాలలేదు. సెయింట్ లూయిస్ నగరంలో అక్టోబరు మొదట్లోనే బడులు, సినిమాహాళ్లు, సభలు మూయించారు. అక్కడ మరణాల రేటు ఫిలడెల్ఫియా కంటే చాలా తక్కువ. ఊరేగింపు దేశభక్తి కార్యమే కావచ్చు. రోగానికి ఆ తేడా తెలియదు కదా.

పోలియో నేర్పిన పాఠం

గుంపు ఒక్కటే ప్రమాదం కాదు. రోగం ఒంట్లో ఉండగా ఒళ్లు అలిసేటట్లు శ్రమపడటం రెండో ప్రమాదం. ఇది పోలియో రోజుల్లో తెలిసివచ్చింది. 1940ల చివరలో ఇంగ్లండులో రిచీ రస్సెల్ అనే నరాల వైద్యుడు పోలియో రోగుల వివరాలు సేకరించాడు. జ్వరం మొదలైన తొలిరోజుల్లో, పక్షవాతం ఇంకా కనిపించక ముందు, విశ్రాంతి తీసుకున్నవారి కంటే కష్టమైన వ్యాయామం చేసినవారికి కాళ్లూ చేతులూ ఎక్కువగా పడిపోయినట్లు గమనించాడు. కొంచెం ఒళ్లు వెచ్చబడితే ఏమవుతుందిలే, ఆడు అనే శిక్షకులకు అది గట్టి హెచ్చరిక. 1952లో అమెరికాలో సుమారు 58 వేల పోలియో కేసులు వచ్చాయి. 1955లో టీకా వచ్చిన తరువాతే అక్కడి తల్లిదండ్రులు ఊపిరి పీల్చుకున్నారు.

ఈ పాఠం 2020లో మళ్లీ అక్కరకు వచ్చింది. కరోనా సోకిన క్రీడాకారులలో గుండె కండరం వాస్తుందేమోనని వైద్యులకు అనుమానం వచ్చింది. అది ఉండగా పరుగెత్తితే ప్రాణానికే ముప్పు. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో 26 మంది ఆటగాళ్లను పరీక్షిస్తే నలుగురిలో ఆ లక్షణాలు కనిపించాయి. అంటే నూటికి పదిహేను. అందరూ హడలిపోయారు. 2021లో మరిన్ని విశ్వవిద్యాలయాలు కలిసి 1,597 మంది వివరాలు పరిశీలిస్తే 37 మందిలో తేలింది. అంటే నూటికి 2.3. వారిలోనూ 28 మందికి బయటికి ఏ బాధా తెలియలేదు. మొదటి లెక్క తప్పని నేననను. ఇరవై ఆరు కాగితాలు చూసి వేసిన లెక్కకూ, ఫైళ్లన్నీ వచ్చాక వేసిన లెక్కకూ తేడా ఉంటుందని ఆఫీసులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. మొదటి లెక్కతో జాగ్రత్తపడటం తెలివి. రెండో లెక్క వచ్చాక నిర్ణయాన్ని సరిచేసుకోవడమూ తెలివే.

2020: ఒకే దేశం, రెండు జవాబులు

2020లో అమెరికా కాలేజీలు ఒక్క మాట మీద నిలబడలేదు. మార్చి 12న జాతీయ కాలేజీ క్రీడా సంస్థ బాస్కెట్‌బాల్ పోటీలను రద్దు చేసింది. జూలై 8న హార్వర్డ్, యేల్ మొదలైన పాత విశ్వవిద్యాలయాల కూటమి అయిన ఐవీ లీగ్ ఆ శరదృతువులో ఆటలు లేవని ప్రకటించింది. ఆగస్టు 11న ‘బిగ్ టెన్’ అనే పెద్ద కూటమి ఆటలను వాయిదా వేసింది. దక్షిణాది కాలేజీల కూటములు మాత్రం ఆడి తీరుతామన్నాయి, ఆడాయి కూడా. అది చూసి బిగ్ టెన్ వారు సెప్టెంబరు 16న నిర్ణయం మార్చుకొని, రోజూ పరీక్షలు చేసే ఏర్పాటుతో అక్టోబరులో బరిలోకి దిగారు. 2021 జనవరి 11న ఆఖరి మ్యాచ్‌లో అలబామా జట్టు ఒహాయో స్టేట్‌ను 52-24తో ఓడించింది.

ఐవీ లీగ్ ఆపగలిగింది, మిగతావారు ఆపలేకపోయారు. ఎందుకు? ఐవీ లీగ్ కాలేజీలు క్రీడాకారులకు ఆటల పేరిట స్కాలర్‌షిప్పులు ఇవ్వవు, వాటి ఖర్చులు ఫుట్‌బాల్ టిక్కెట్ల మీద నడవవు. మిగిలిన పెద్ద కూటములకు టెలివిజన్ హక్కుల ద్వారా కోట్ల డాలర్లు వస్తాయి. ఆ డబ్బుతోనే మిగతా ఆటలన్నీ నడుస్తాయి. ఆ రోజుల్లో ఆటగాళ్లకు జీతం లేదు, వాణిజ్య ప్రకటనల ద్వారా సంపాదించుకునే హక్కు కూడా 2021 జూలై వరకు రాలేదు. అనేక కాలేజీలలో పాఠాలు కంప్యూటర్లలో, ఆటలు మాత్రం మైదానంలో! పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్న సామెత ఇలాంటి చోటే గుర్తుకు వస్తుంది.

అయితే న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. ఆడాలని పట్టుబట్టినవారిలో ఆటగాళ్లూ ఉన్నారు. ఒహాయో స్టేట్ జట్టు ముఖ్య ఆటగాడు జస్టిన్ ఫీల్డ్స్ ఆటలు జరిపించమని బహిరంగంగా సంతకాల సేకరణ మొదలుపెడితే లక్షల మంది సంతకాలు చేశారు. ఇరవై ఏళ్లవాడికి ఒక ఏడాది అంటే ఎంతో మనం మరచిపోయి ఉండవచ్చు. మనకు ఏడాది అంటే మరో లైఫ్ సర్టిఫికెట్. వాడికి అదే జీవితపు మలుపు.

మన దేశంలో

మన దేశంలో టెలివిజన్ డబ్బు కాలేజీ ఆటల మీద పడలేదు కాబట్టి ఆపడం తేలిక అయింది. తిరిగి మొదలుపెట్టడమే ఆలస్యమైంది. మొదటి ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు భువనేశ్వర్‌లో 2020 మార్చి 1న ముగిశాయి. రెండవవి 2022 ఏప్రిల్‌లో గాని బెంగళూరులో మొదలు కాలేదు. మూడేళ్ల డిగ్రీ కోర్సులో రెండేళ్లు పోతే మిగిలేది ఏమిటి?

క్రికెట్ సంగతి చూడండి. 1934-35లో ప్రారంభమైన రంజీ ట్రోఫీ రెండవ ప్రపంచ యుద్ధంలో కూడా ఆగలేదు. 2020-21లో మొట్టమొదటిసారి ఆగింది. పెద్ద ఆటగాళ్లకు పోయిన మ్యాచ్ ఫీజుకు బదులు కొంత పరిహారం ఇస్తామని బోర్డు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. సంతోషమే. కాని ఆ ఏడాది అండర్-19 కుర్రాళ్ల కూచ్ బిహార్ ట్రోఫీ కూడా జరగలేదు. పంతొమ్మిదేళ్లు దాటిపోయిన కుర్రవాడికి ఏ పరిహారం ఇస్తారు?

మరుసటి సంవత్సరం జరిపారు. 2022 జనవరిలో నాకౌట్ దశలో సుమారు యాభై కేసులు బయటపడి మళ్లీ నిలిపివేశారు. బహుశా మైదానంలో కంటే బస్సులో, భోజనాల దగ్గర, హోటలు గదుల్లో అంటుకునేది ఎక్కువ. ఆరుబయట ఆట కన్నా, ఆట చుట్టూ ఉండే సంతే ప్రమాదం.

ఆ నెలలోనే వెస్టిండీస్‌లో అండర్-19 ప్రపంచ కప్ జరిగింది. మన దేశంలో 15 నుంచి 18 ఏళ్ల పిల్లలకు టీకాలు మొదలైనదే 2022 జనవరి 3న. అక్కడ మన జట్టు కెప్టెన్ యశ్ ధుల్‌కు, వైస్ కెప్టెన్, మన గుంటూరు కుర్రవాడు షేక్ రషీద్‌కు, మరికొందరికి కరోనా సోకింది. ఐర్లండ్‌తో మ్యాచ్‌కు పదకొండు మందిని దించడమే గగనమైంది. ఇద్దరూ కోలుకొని సెమీఫైనల్‌లో ఆస్ట్రేలియా మీద ఆడారు. ధుల్ 110, రషీద్ 94. ఫిబ్రవరి 5న ఫైనల్‌లో ఇంగ్లండును ఓడించి కప్పు గెలిచారు, ఆ మ్యాచ్‌లోనూ రషీద్ అర్ధశతకం చేశాడు. మనమంతా గర్వించాం. గర్విస్తూనే ఒకటి ఆలోచించాలి. జ్వరం నుంచి లేచి కొద్దిరోజుల్లో బ్యాటు పట్టిన ఆ పిల్లలకు ఏమీ కాలేదు, మంచిదే. కాని మంచి జరిగిందని ఆ దారి మంచిదని తీర్మానించరాదు. పోలియో రోజుల పాఠం మరువకూడదు.

ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైన కథ మన ఆడపిల్లలది. బాలికల అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ 2020 నవంబరులో మన దేశంలో జరగవలసింది. ముందు 2021కి వాయిదా వేశారు. తరువాత 2020 నవంబరు 17న రద్దు చేసి, 2022 పోటీలు మీకే ఇస్తామన్నారు. ఇచ్చారు, 2022 అక్టోబరులో జరిగాయి. దేశానికి లోటు లేదు. కాని 2020 పోటీకి 2003 జనవరి 1న గాని ఆ తరువాత గాని పుట్టినవారు అర్హులు. 2022 పోటీకి 2005 జనవరి 1 నుంచి లెక్క. అంటే 2003, 2004లో పుట్టి, ఏళ్ల తరబడి సాధన చేసిన ఆడపిల్లలు ఒక్క మ్యాచ్ ఆడకుండానే వయసు మీరినవారయ్యారు. వాళ్లను ఓడించింది ప్రత్యర్థి కాదు, క్యాలెండరు.

మా ఇంట్లో జరిగిన చర్చ

ఇది పెద్దల చర్చలలోనే కాదు, ప్రతి ఇంట్లోనూ వచ్చిన చిక్కు. మా పెద్ద మనవడు 2021 మొదట్లో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. వాలీబాల్ బాగా ఆడేవాడు. కేసులు తగ్గాయని వాళ్ల కాలేజీలో క్యాంపు పెట్టారు. ఒక్కో గదిలో పదేసి మంది. నాకు షుగరు, వాళ్ల నాయనమ్మకు ఉబ్బసం. అరవై దాటినవారికి టీకాలు మార్చి 1న గాని మొదలు కాలేదు.

“తాతయ్యా, వెళితే మీకేమవుతుందోనని భయం. వెళ్లకపోతే సర్టిఫికెట్ పోతుంది. ఏం చెయ్యమంటారు?” అని అడిగాడు.

నేను ఆలోచిస్తూ ఉండగానే వాళ్ల నాయనమ్మ, “సాయంత్రం పూట గ్రౌండులో ఎంతసేపైనా ఆడుకోరా, ఎవరొద్దన్నారు? ఆ గదుల్లో పడుకోవద్దు, అంతే” అన్నది.

వాడు అలాగే చేశాడు. ఏప్రిల్ రాగానే రెండో ఉధృతి వచ్చి క్యాంపు అర్ధాంతరంగా ఎత్తేశారు. వెళ్లినవాళ్లకూ, వెళ్లనివాడికీ సర్టిఫికెట్ రాలేదు. మేం ముగ్గురం క్షేమంగా ఉన్నాం. వాడి కాలేజీ ఆట మాత్రం అక్కడితో ముగిసింది. వాడు ఏనాడూ ఆ మాట మా ముందు ఎత్తలేదు. ఎత్తకపోవడమే నన్ను ఈ వ్యాసం రాయించింది.

డైస్ నాన్

మన సర్వీసులో ‘డైస్ నాన్’ అని ఒక మాట ఉన్నది. ఆ రోజును డ్యూటీగా లెక్కించరు, కాని సర్వీసు తెగిపోయినట్లూ చూడరు. ఆ రోజు లెక్కలో లేనట్లే. సమ్మెలు చేసినవాళ్లకు దీని అర్థం బాగా తెలుసు. మనకు అది నష్టం కలిగించిన మాట. మహమ్మారిలో ఆటలు పోగొట్టుకున్న పిల్లలకు మాత్రం అది వరం కాగలదు. పోయిన ఏడాదిని వయసు లెక్కలో నుంచి తీసేస్తే చాలు.

ఇది నా ఊహ కాదు, జరిగిన పనే. టోక్యో ఒలింపిక్స్ 2021కి వాయిదా పడినప్పుడు పురుషుల ఫుట్‌బాల్‌లో 23 ఏళ్ల పరిమితిని 24కి పెంచారు. 1997లో పుట్టినవారికి అన్యాయం జరగలేదు. అమెరికా కాలేజీ క్రీడా సంస్థ కూడా ఆ ఏడాదిని ఆటగాళ్ల నాలుగు సీజన్ల లెక్కలో కలపకుండా మరో ఏడాది అవకాశం ఇచ్చింది. దానివల్ల కొత్తగా చేరిన విద్యార్థులకు జట్లలో చోటు తగ్గిందన్న ఇబ్బంది వచ్చిన మాట నిజమే. ఏ సడలింపుకైనా ఎవరో ఒకరు కొంత సర్దుకోవాలి. సీనియారిటీ జాబితాలు తయారుచేసిన మనకు ఇది తెలియనిది కాదు. అయినా ఒక తరం మొత్తం నష్టపోవడం కంటే రెండు తరాలు కొంచెం కొంచెం పంచుకోవడం మేలు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఆటలు ఆపాలా, వద్దా అన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. 1918లో జబ్బు ఆడేవాడినే చంపింది, 2020లో ఆడేవాడి ఇంట్లోని పెద్దలను ఎక్కువగా చంపింది. ఎవరికి ప్రమాదమో తెలిసిన తరువాతే నిర్ణయం జరగాలి. రోగం ఉధృతంగా ఉన్నప్పుడు టోర్నమెంట్లు, క్యాంపులు, ప్రేక్షకులు ఆగవలసిందే. ఆరుబయట నలుగురు పిల్లలు ఆడుకునే మైదానానికి మాత్రం తాళం వేయకూడదు. జబ్బు చేసినవాడు వైద్యుడు సరే అనేదాకా పరుగెత్తకూడదు. నిర్ణయం చేసేవారికి టిక్కెట్ల డబ్బుతో సంబంధం ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆపే ఉత్తర్వులోనే పోయిన ఏడాదికి వయోపరిమితి సడలింపు, క్రీడా కోటాకు సర్టిఫికెట్ల విషయంలో వెసులుబాటు రాసి ఉండాలి. ఆపడం ఒక ఉత్తర్వు, తిరిగి ఇవ్వడం మరో ఉత్తర్వు అయితే రెండవది ఎప్పటికీ రాదు. ఆ సంగతి మన కంటే బాగా ఎవరికి తెలుసు?

మిత్రులారా, మన ప్రాణాల కోసం పిల్లలు ఒక ఏడాది వదులుకున్నారు. ఆ ఏడాదిని తిరిగి అడిగే గొంతు వాళ్లకు లేదు. మనకు సంఘం ఉన్నది, మహాసభలు ఉన్నాయి, అర్జీలు రాయడం చేతనవును. డి.ఎ. బకాయిల కోసం మనం ఎన్ని వినతిపత్రాలు రాయలేదు? క్రీడాసంఘాలకూ, ప్రభుత్వానికీ ఈ విషయమై మరొకటి రాయడం మనకు భారం కాదు. ఇంకో మహమ్మారి వచ్చాక ఫైలు తెరిస్తే ఆలస్యమవుతుంది. ఇప్పుడే తెరవాలి.